చూడదగిన ఊళ్లు: భీమునిపట్టణము

విశాఖపట్టణమునకు పెండ్లికో, వైద్యమునకో, బంధువులను చూచుటకో పోని కుటుంబము మన కోస్తా జిల్లాలలో అరుదు. పోయినవారు సింహాద్రి అప్పన్నను సేవింతురు, కైలాసగిరి యెక్కుదురు, సాయంకాలము రామకృష్ణా బీచిలో పిల్లలకు మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టి, కాళ్లు తడుపుకొని, రాత్రి రైలునకు తిరిగి వత్తురు. ఆ ఒడ్డుననే ఈశాన్యముగా సుమారు 25 కిలోమీటర్లు పోయినచో భీమునిపట్టణము కలదు. జనుల నోట భీమిలి. మొన్న మాఘమాసమున మా వారి బడికి రెండు దినముల సెలవులు కలసివచ్చినందున పిల్లలను వెంటబెట్టుకొని మేమక్కడికి పోయి వచ్చితిమి. చూచినదియు విన్నదియు ఈ నెల సోదరీమణులకు విన్నవించుచున్నాము.

పట్టణమునుండి భీమిలికి సముద్రపుటొడ్డు వెంబడినే బస్సులు పోవును. ఋషికొండ దాటువరకు మేడలు, హోటళ్లు, కళాశాలలు బాటప్రక్కన విడువక వెంటవచ్చును. అటుపిమ్మట కుడిచేత సముద్రము, ఎడమచేత కొండలు, నడుమ సరుగుడు తోపులు, తాటిచెట్లు, అక్కడక్కడ జీడిమామిడి తోటలు. మంగమారిపేట యను జాలరిపల్లె దాపున ఒక బాట కొండమీదికి చీలును. అది తొట్లకొండ. 1976లో నావికాదళమువారు విమానమునుండి ఈ ప్రాంతమును పరిశీలించునప్పుడు కొండమీద ప్రాచీన కట్టడముల జాడలు తెలియవచ్చెను. 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వింపగా సుమారు రెండువేల యేండ్లనాటి బౌద్ధభిక్షువుల నివాసము బయల్పడినది. స్తూపము, భిక్షువుల గదులు, రాళ్లు పరచిన నడకబాటలు, వంటశాల, అందరును కలసి భుజించు శాల, ఇవి యన్నియు పునాదుల మేరకు నిలిచియున్నవి. రోమను దేశపు వెండినాణెములును దొరకినవి గాన భిక్షువులను పోషించిన దాతలలో ఓడవర్తకులుండిరని పండితుల తలంపు.

మా చూపు మాత్రము తొట్లయందు నిలిచినది. కొత్తయింట అడుగుపెట్టిన ఇల్లాలు దేవునిమూల ఎక్కడ అని అడుగుటకు ముందే నీళ్లెక్కడ అని అడుగును గదా! ఆ కొండకొమ్మున ఏరు లేదు, చెరువు లేదు. ఎదుట సముద్రమంత నీరున్నను గ్రుక్కెడు త్రాగుటకు పనికిరాదు. అందుచేత వారు బండను తొలిచి తొట్లు చేసి, వానకాలపు నీటిని వానిలోనికి మళ్లించి వాడుకొనిరి. కొండకా పేరు ఆ తొట్లవలననే వచ్చినది. దానికి కొంతదూరమున బావికొండ యని మరియొకటి కలదు; ఆ పేరును వాననీరు పట్టిన బావులవలననే. ఇక భీమిలిని ఆనుకొనియున్న పావురాలకొండమీదను బౌద్ధుల శిథిలములున్నవి. అచ్చటను బండలో తొలిచిన తొట్లు పదునారింటిని గుర్తించిరి. రాజుల పేరిటను దేవతల పేరిటను కొండలు దేశమంతటను కలవు. నీళ్లతొట్టి పేరిట కొండ నిలుచుట మేము మరియెచ్చటను వినలేదు. ఆ పేరు పెట్టినది తప్పక నీళ్లు మోసి యెరిగిన ఆడుదియే యని మేమంటిమి. మా వారు నవ్వి, దానికి శాసనాధారము లేదనిరి. ఆధారము లేదన్నారే గాని కాదనలేదు.

తొట్లకొండ దిగి మరికొంత దూరము పోగా ఎర్రమట్టి దిబ్బలు వచ్చును. పేరు విని మట్టిగుట్టలనుకొని పోవుదుము గాని, దిగి చూచిన కన్ను మరల్చుకొనుట కష్టము. కుంకుమ, గేరు, పసుపుచాయ, అన్నియు కలసిన ఇసుక దిబ్బలు. వానల ధాటికి కోసుకొనిపోయి వాని నడుమ లోతైన గండ్లు ఏర్పడినవి. ఆ గండ్లలో నడచుచున్నప్పుడు ఒడ్డున నున్న సముద్రపు హోరు కూడ వినబడదు. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట హిమయుగమున సముద్రము నేటికంటె 100 మీటర్లకు పైగా క్రిందనుండెనట. అట్లు బయల్పడిన నేలమీది ఇసుకను గాలి ఎత్తి తెచ్చి దిబ్బలు పోసెననియు, ఇసుకలోని ఇనుము త్రుప్పుపట్టి రేణువులకు ఎరుపు నంటించెననియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇట్టి దిబ్బలు తమిళదేశపు దక్షిణతీరమునను సింహళమునను తప్ప ఈ చుట్టుపట్ల లేవందురు. ప్రభుత్వమువారు వీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. 2025లో యునెస్కో వారసత్వపు జాబితాకు మనదేశమునుండి పంపిన పేర్లలో ఇదియు చేరినది.

అయినను దిబ్బల అంచులను త్రవ్వి చదునుచేసి ఇండ్లస్థలములు వేయు ప్రయత్నములు ఆగుట లేదు. వచ్చువారి సంగతి చెప్పనే యక్కరలేదు. మేము పోయిన దినమున పెండ్లికి ముందు తీయించుకొను ఛాయాచిత్రముల కొరకు ఒక జంట వచ్చిరి. పిల్ల కట్టిన గౌను కొస పదిగజములుండును. దానిని ఇద్దరు పట్టుకొని ఎగురవేయుచుండగా, చిత్రకారుడు పిల్లవానిని దిబ్బకొమ్మున నిలుచుండుమనెను. అతడు నిలిచిన మేర ఇసుక గంపెడు జారి గండిలో పడినది. వేల యేండ్ల పోగు అది! పిల్ల ముచ్చటగానే యున్నది, దీర్ఘసుమంగళిగా ఉండుగాక. మా పిల్లలు మాత్రము దిబ్బమీదినుండి జారెదమని మారాముచేసిరి. గండిలోని బాట వెంబడి నడువుడు గాని పైకెక్కరాదని చెప్పి చేయి పట్టుకొని నడిపించితిమి.

ఇక ఊరు. ఆదిపర్వము చదివిన సోదరీమణులకు ఏకచక్రపురమున బకాసురుని కథ తెలియును. బ్రాహ్మణుని యింట భర్త నేను పోయెదననియు, భార్య నేను పోయెదననియు, కన్నకూతురు నేను పోయెదననియు తగవులాడుకొనుట, గోడకవతల నున్న కుంతి విని తన భీముని పంపుట, ఇది మా అమ్మ మాకు చెప్పిన పాఠములలో కన్నీరు తెప్పించిన ఘట్టము. ఆ బకుడు చచ్చినది ఇచ్చటనే యని, కొండమీది నరసింహస్వామిని భీముడే ప్రతిష్ఠించెనని ఊరివారు చెప్పుదురు. బకుడు చచ్చిన ఊళ్లు దేశమున మరికొన్ని కూడ కలవు. అందుకు వీరితో వాదింపనక్కరలేదు.

భీముని మాట యెట్లున్నను డచ్చివారి మాట సత్యము. 17వ శతాబ్దమున వారిచ్చట వర్తకస్థానమును నెలకొల్పి, ఈ ప్రాంతపు నేతబట్టలు మొదలైన సరకులను ఓడలకెక్కించిరి. వారి సమాధులు సముద్రమునకు ఎదురుగా నేటికిని ఉన్నవి. కొనదేరిన గోపురములవంటి ఎత్తైన కట్టడములు కొన్ని, నేలమీద పరచిన చెక్కడపు పలకలు కొన్ని. అక్షరములు చదువవచ్చును గాని భాష తెలియదు. ఎవరి బిడ్డలో, ఎన్ని నెలలు ఓడలో వచ్చిరో, ఎవరును ఏడ్చుటకు లేనిచోట ఒరిగిపోయిరి. 1824లో జరిగిన ఒడంబడిక ప్రకారము 1825లో ఈ స్థలము ఇంగ్లీషువారి పరమైనది. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘము ఏర్పడెను; దేశమున మిక్కిలి పాతవానిలో ఇది యొకటి. దీపస్తంభము, గడియార స్తంభము, చర్చి, వెడల్పైన అరుగుల పెంకుటిండ్లు, ఇవి యన్నియు ఆ మంచిదినముల ఆనవాళ్లే.

గోంగూర తినని తెలుగిల్లు లేదుగదా. ఆ జాతి మొక్కకే గోగు అని పేరు. లేతగా నున్నప్పుడు ఆకు కోసినచో కూర. కాడను ఎదుగనిచ్చి, కోసి, నీళ్లలో నానబెట్టి, చెక్కు ఒలిచినచో నార. జనుమువలె సంచులకును త్రాళ్లకును పనికివచ్చు ఆ నార ఈ రేవునుండి పరదేశములకు ఎంతగా పోయెననగా, వర్తకలోకమున దానికి ఈ ఊరి పేరే పెట్టి బిమ్లీ జనుమనిరి. మన వంటింటి పచ్చడిమొక్క ఈ ఊరి పేరిట లోకము చుట్టివచ్చిన సంగతి తెలిసిన పిమ్మట, ఆ పూట మేము తిన్న గోంగూర పచ్చడికి రుచి హెచ్చినట్లే తోచెను.

మరి ఇంత వర్తకము గల ఊరు ఇట్లు సద్దుమణగుట యెట్లు? ఇచ్చట ఓడలు ఒడ్డుకు రావు. దూరమున లంగరు వేసిన ఓడకును ఒడ్డునకును నడుమ, కొబ్బరిత్రాటితో కుట్టిన మసూలా పడవలు అలలమీద సరకు మోయవలెను. 19వ శతాబ్దము చివరి యేండ్లలో తూర్పుతీరపు రైలు వచ్చినది. అది విశాఖపట్టణము, విజయనగరముల మీదుగా పోయినది గాని ఈ ఊరిని తాకలేదు. ఆపైన 1933లో విశాఖపట్టణమున ఓడలు లోపలికి వచ్చి నిలుచు రేవు తెరచిరి. సరకు అటు మళ్లినది. సరకు వెంట వర్తకులు, వర్తకుల వెంట గుమాస్తాలు, కూలీలు. గోస్తనీనది ప్రక్క చిట్టివలసలోని నారమిల్లు చిరకాలము నడచి 2009లో మూతపడినది. మనము పోయి ఆహా ఎంత ప్రశాంతమని మెచ్చుకొను నిశ్శబ్దము ఈ విధముగా వచ్చినది.

ఈ మాట మాకు పుస్తకమువలన తెలిసినదానికంటె, ఒడ్డున కూర్చున్న ఒక ముసలమ్మవలన ఎక్కువ తెలిసినది. పాతవల పరచి దానిమీద నెత్తళ్లు ఎండబెట్టి కాకులను తోలుచున్నది. మా యింట చేపలు వండరు గాని మనిషితో మాటలాడుటకు దానితో పనిలేదు. ఊరు చల్లగా ఉన్నదమ్మా అంటిమి.

“సల్లగుందనే అంతారమ్మా అందరూ. పని లేకపోతే ఏ ఊరైనా సల్లగానే ఉంతాది. కుర్రోళ్లు సగంమంది గుజరాతీ, కేరళా ఎలిపోనారు. ఇంక గోల ఎవులు సేత్తారు?” అనెను.

కొంచెము సేపటికి తానే మరల, “మా అత్త బతికున్నప్పుడు ఈ ఒడ్డంతా సేపలెండేవి. ఇప్పుడు ఇక్కడ పరిస్తే వోసనంట, అటు పొమ్మంతన్నారు” అని నదిమొగ వైపు చేయి చూపెను.

ఎవరు పొమ్మన్నారని అడిగితిమి.

“వొచ్చినోళ్లమ్మా.”

ఆమె కోపముగా అనలేదు. వచ్చినవారిలో మేమును ఉన్నామని తలచి అన్నదియు కాదు. చేటతో నెత్తళ్లను తిరుగవేయుచు, ప్రతి సంవత్సరమును ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు యంత్రపుపడవలు వేటకు పోరాదను కట్టుబాటుండుటచే ఆ రెండు నెలలకు ఇప్పుడే ఎండుచేపలు కూడబెట్టవలెనని లెక్క చెప్పెను. పిల్లలు పుట్టు కాలమున చేపలను పట్టగూడదను ఆ కట్టుబాటు న్యాయమైనదే యని ఆమెయు ఒప్పుకొనెను. అయితే సముద్రము మూసిన దినములలో ఎండబెట్టిన సరకే ఇల్లు నడుపును. ఆ సరకు ఎండుటకు ఒడ్డు కావలెను. మనకు మేడమీద అప్పడములు, ఒడియములు ఎండబెట్టుకొనుటకు చోటు లేదన్నచో ఎంత గొడవ చేయుదుము! ఆమెకు ఆ ఇసుకయే మేడ, ఆ ఇసుకయే కొట్టు.

ఇప్పుడు భీమిలి విశాఖ మహానగర పాలకసంస్థలో ఒక భాగము. మునుపు సరకును లాగుకొనిపోయిన నగరమే నేడు తాను నడచి వచ్చుచున్నది. ఈసారి దానికి కావలసినది నిశ్శబ్దము. బాట కిరువైపుల సముద్రము కనబడు ఇండ్లు, విశ్రాంతి గృహములు అని పెద్ద అక్షరములతో పలకలు. కొన్నవారందరును తలుపు తెరచినచో ఆ నిశ్శబ్దము ఎక్కడ మిగులునో ఆ పలకలమీద వ్రాయలేదు. త్రాగునీటి మాటయును లేదు. ఊరి యొడ్డున సముద్రమున కలియు గోస్తని అనంతగిరి కొండలలో, బొర్రా గుహల ప్రాంతమున పుట్టును. గుహలోని రాతి ఆవుపొదుగు వంటిదని, దానినుండి జాలువారుటచే గోస్తని యను పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ నది నీటిని త్రోవలో తాటిపూడి జలాశయమున నిలిపి విశాఖపట్టణమునకు త్రాగునీరుగా పంపుచున్నారు. పొదుగు పితికినది నగరము. నదిమొగకు వచ్చునప్పటికి మేము చూచినది పాదములు మునుగు నీరును, వెడల్పైన ఇసుకయును. వానకాలమున నిండుగా నుండునట. ఇంక వేయి ఇండ్లు లేచినచో వానికి నీరెక్కడనుండి వచ్చునో అడుగవలసినది కొనబోవు ఇల్లాండ్రే. పైన మూడు కొండలమీద సన్న్యాసులు వాననీటికి తొట్లు తొలిచి చూపిరి. క్రింద కట్టుచున్న మేడలలో వాననీరు పట్టు గుంత యెక్కడ అని అడుగుటకు పెద్దచదువు అక్కరలేదు. మాకు తెలిసిన ఒక అమ్మగారు అచ్చట స్థలము కొనుటకు పోయి ఈ ప్రశ్నయే వేసినదట. అమ్మువాడు జవాబు చెప్పక చల్లని పానీయము తెప్పించెనట. ఆమె దానిని త్రాగి, స్థలము కొనక వచ్చినది.

పోదలచిన సోదరీమణులకు కొన్ని మాటలు. ఉదయముననే బయలుదేరి ఎండ ముదరకముందే తొట్లకొండ చూచుకొనవలెను. నీడ తక్కువ, గొడుగు తప్పదు. నీళ్లు ఇంటినుండియే కూజాలలోనో సీసాలలోనో తీసికొనిపొండు. ఖాళీసీసాలు మరల మీ సంచిలోనే రావలెను. నదిమొగ దగ్గర నీరు పల్చగా కనబడినను లోపల ఈడ్పు బలముగా నుండును, పిల్లలను దింపరాదు. వేసవిలో పోవువారికి ముంజలు సమృద్ధిగా దొరకును. జాలరి స్త్రీలవద్ద కొనువారు బేరము మితముగా ఆడవలెను. ముక్కునకు చెంగు అడ్డుపెట్టుకొనువారు ఆ ప్రక్కకు పోకుండుటయే మేలు.

పిల్లలున్నవారికి మాఘ ఫాల్గుణ మాసములు మంచివి. ఆలివ్ రిడ్లే యను జాతి సముద్రపు తాబేళ్లు ఆ దినములలో రాత్రివేళ ఈ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరు వరకు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, వెనుదిరిగి చూడక పోవును. కుక్కలపాలు కాకుండ అటవీశాఖవారు ఆ గ్రుడ్లను ఏరి, కంచె కట్టిన ఇసుకలో మరల పూడ్చి కాపాడుదురు. సుమారు 50 దినములకు పిల్లలు పైకి వచ్చును. అరచేతిలో నాలుగు పట్టునంతటి పిల్లలు. వానికి త్రోవ చూపుటకు తల్లి ఉండదు. వెలుగున్న వైపునకు పోవుటయే వాని కున్న తెలివి. చీకటి ఒడ్డున తేటగా నుండునది సముద్రపు వైపే గాన అటు నడచును. బాటమీద దీపములు వెలుగుచున్నచో బాటవైపు నడచును. నగరపుటొడ్డున అట్లే జరుగుచున్నదనియు, భీమిలివైపు కొన్నిచోట్ల ఇంకను చీకటి యున్నదనియు అచ్చటి కాపరి చెప్పెను. తెల్లవారకముందే పిల్లలను విడుచునప్పుడు చూడబోవువారు సెల్‌ఫోను దీపములు ఆర్పి, కంచెకు ఇవతల, సముద్రమునకు అడ్డములేకుండ నిలుచుండవలెను.